గొళ్ళెం లేని ఇల్లు

పోయిన వారం గువ్వ తల్లిని మెట్ల మధ్యలో వదిలేశాం. చేతిలో తిరస్కరణ కాగితం ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టిన మనిషి కింది వాటాలో వంట చేసుకుంటోంది. ఆవిడ పరాయిది కాదు. మొగుడికి తోడబుట్టిన అక్క, తనకు వదిన, గువ్వకు స్వయానా మేనత్త. ఊళ్ళోని ఆ పెద్ద ఆఫీసులో సమాచార అధికారి కుర్చీ ఆవిడదే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం మిగతాదీ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ ఆఫీసు కింది అంతస్తులో పసిపిల్లల గది ఉంది. పనికి వెళ్ళే తల్లులు పొద్దున పిల్లల్ని అక్కడ దింపి సాయంత్రం తీసుకెళ్తారు. వదిన మాట సాయం వల్లే గువ్వకు అందులో చోటు దొరికింది. ఒక మధ్యాహ్నం అక్కడ ఏం జరిగిందో ఏమో, అప్పటిదాకా గలగలా వాగే పిల్ల నోరు మూసుకుంది. ఆ తర్వాత నవ్వడం లేదు, ఏడవడం లేదు, ‘అమ్మా’ అని పిలవడం కూడా లేదు. మాటల డాక్టరమ్మ ఎన్ని బొమ్మలు ఊపినా కళ్ళప్పగించి చూడటమే. “ఆ రోజేం జరిగిందో తెలిస్తేనే దారి దొరుకుతుందమ్మా. తెలియకుండా ఏం చేసినా చీకట్లో రాళ్ళు విసిరినట్టే” అంది ఆవిడ.

ఆఫీసువాళ్ళు విచారణ చేశారు. అందులో ఏం తేలిందో చెప్పమని గువ్వ తల్లి సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టింది. ఇవ్వం పొమ్మన్నారు. కారణాలు రెండు రాశారు. ఒకటి, అదంతా మా వకీలు మాకు రహస్యంగా ఇచ్చిన సలహా. రెండు, అందులో ఒక మూడో మనిషి మమ్మల్ని నమ్మి చెప్పిన మాటలున్నాయి, బయటపెట్టడం ఆ మనిషికి ఇష్టం లేదు. రెండింటికీ చట్టంలో మినహాయింపు ఉందట. అడుగున వదిన సంతకం, పాము తోకలా మెలి తిరిగి.

గువ్వ తల్లి అప్పీలుకు వెళ్ళింది. ఈ రోజే దాని విచారణ.

ఆ ఇంట్లో ఇప్పుడు ఏ తలుపుకీ గొళ్ళెం లేదు. గువ్వ తండ్రి వడ్రంగి. పాప అలా అయిపోయి ఇంటికొచ్చిన సాయంత్రమే, భుజానికున్న పనిముట్ల సంచి కూడా దించకుండా, పైవాటా కిందివాటా తిరిగి గొళ్ళేలన్నీ ఊడదీశాడు. వీధి తలుపుకు రాత్రిపూట బల్ల అడ్డం పెడుతున్నారు. స్నానాల గదిలో ఎవరైనా ఉన్నారని తెలియాలంటే లోపలివాళ్ళు చప్పుడు చేస్తూ ఉండాల్సిందే. అత్తగారు పాట ఎత్తుకుంటుంది. ఆవిడ గొంతుకి ఎదురింటి కుక్క కూడా లేచి పక్క వీధికి పోతుంది. పిల్ల మీద ప్రేమతో పిచ్చెక్కింది నా మొగుడికి అనుకుని, ఆ పిచ్చికే కరిగిపోయి, గువ్వ తల్లి ఒక్కనాడూ ఎందుకని అడగలేదు.

ఆ పొద్దున కింది వాటాలోని ఉమ్మడి వంటింట్లో ఆడవాళ్ళిద్దరూ ఒకరికొకరు తగలకుండా తిరిగారు. పొయ్యి ఒకటే, గిన్నెలే వేరు. వదిన తన డబ్బా మూత టక్కున బిగించి, “ఎంత తింటే ఏం లాభం! తిన్నింటికే ఎసరు పెట్టేవాళ్ళకి ఒంటికెలా పడుతుంది” అంది, గోడతో మాట్లాడుతున్నట్టు.

“నా కూతురికి మాట రాక ముద్ద దిగడం లేదు వదినా. ఇంక ఎసరు ఎవరికి పెట్టను” అంది గువ్వ తల్లి.

“ఆ పిల్లకి అక్కడ చోటిప్పించింది ఎవరో గుర్తుందా?”

“గుర్తుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగితే ఈపాటికి చెప్పేవాళ్ళు.”

వదిన చెప్పులేసుకుంది. ఇద్దరూ వెళ్ళేది ఒకే గదికి. ఆవిడ బండెక్కి ముందు వెళ్ళిపోయింది. గువ్వను భుజాన వేసుకున్న మొగుడితో కలిసి గువ్వ తల్లి బస్సెక్కింది. దారంతా అతను కిటికీ వైపే చూశాడు. ఒకే ఒక్క మాటన్నాడు. “ఇప్పటికైనా వెనక్కి తీసుకోరాదూ? అక్కతో వైరం మనకెందుకు?”

“నీకు అక్క. నాకు కూతురు” అంది ఆమె. అతను పాపని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు.

*

విచారణ గది రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, దాని మీద గాజు పలక. పలక కింద పాత క్యాలెండరు బొమ్మ ఒకటి చెమ్మకు ఉబ్బిపోయి ఉంది. తిరగని పంకా రెక్క మీద ఒక ఈగ తీరిగ్గా కూర్చుంది. బల్ల చివర అప్పీలు అధికారి. పొట్టిగా, నల్లగా, గుండ్రంగా ఉంటాడు. ఆఫీసంతా ఆయన్ని చాటుగా ‘మిరియం’ అంటారు. ఆకారం చూసి పెట్టిన పేరే గానీ, నోరు తెరిస్తే ఆ పేరు ఎంత సరిపోయిందో అర్థమవుతుంది.

ఒక పక్క వదిన, ఆవిడ పక్కన ఆఫీసు వకీలు. ఎదురుగా గువ్వ తల్లి ఒక్కతే. మొగుడు పాపతో బయట బల్ల మీద కూర్చున్నాడు.

వకీలు ముందు లక్కముద్ర వేసిన లావుపాటి కవరు ఉంది. ఆయన దాన్ని ఒళ్ళో పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నాడు.

“ఎంతవరకు చదివావమ్మా?” అన్నాడు మొట్టమొదట.

“తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను.”

“మరి ఈ మినహాయింపులవీ నీకేం అర్థమవుతాయి? ఎవరో రెచ్చగొడితే వచ్చినట్టున్నావు.”

“నా కూతురు రెచ్చగొట్టింది సార్, నోరు మూసుకుని” అంది గువ్వ తల్లి. బల్ల కింద రెండు చేతులూ గట్టిగా ముడేసుకుంది.

మిరియం సారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. “ఆవిడ చదువు మీద అప్పీలు రాలేదండీ. విషయానికి రండి.”

వకీలు లేచాడు. “అయ్యా, కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్నదీ, వకీలు కక్షిదారుకు చెప్పినదీ మూడో చెవిన పడకూడదు. రోగి డాక్టరు ముందు చొక్కా విప్పుతాడు, అలాగని వీధిలో విప్పమంటామా? రేపు ఈవిడ ఆఫీసు మీద దావా వేస్తే ఎలా ఎదుర్కోవాలో ఇందులో నా సలహా ఉంది. ఇచ్చేస్తే మా కత్తి తీసి ఆవిడ చేతికిచ్చినట్టే.”

“నాకు మీ కత్తి వద్దు సార్. దావా గీవా నాకు తెలీదు. ఆ మధ్యాహ్నం నా పాపకి ఏమైంది? అదొక్కటి చెప్పండి చాలు.”

“చెప్పాం కదమ్మా. పాప నిద్రలో ఉలిక్కిపడింది, అంతే.”

“నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లలు లేచి ఏడుస్తారు సార్. మాట మానేస్తారా? మీకు పిల్లలున్నారా?”

“వ్యక్తిగతమైన ప్రశ్నలు—” అని వదిన అందుకుంది.

“ఉండండి” అన్నాడు మిరియం సారు. “వకీలుగారూ, ఈ కవరులో మీ సలహా ఎన్ని పేజీలు? ఏం జరిగిందన్న వాంగ్మూలాలు ఎన్ని పేజీలు?”

“అన్నీ కలిసే ఉన్నాయండీ. సాక్షుల్ని నా గదికే పిలిపించి మాట్లాడాను. కాబట్టి మొత్తం నా సలహా కిందికే వస్తుంది.”

“అంటే మీ గది గడప దాటి లోపలికొచ్చిన ప్రతి ముక్కా మీ సలహా అయిపోతుందన్నమాట. రేపు మీ గదిలో పైకప్పు కారితే ఆ నీళ్ళు కూడా రహస్యమేనా?”

బంట్రోతు తలుపు దగ్గర దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వకీలు మొహం కందగడ్డయింది.

“సలహా మీది. దాన్ని ముట్టుకోను. ఆవిడా అడగడం లేదు. జరిగిన సంగతి మీది కాదు, అది జరిగిపోయింది. దాన్ని వేరుగా తీయండి” అని మిరియం సారు ఏదో రాసుకున్నాడు.

గువ్వ తల్లి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి సగంలో ఉండగానే వదిన లేచింది. ఇంట్లో వినబడే గొంతు కాదది. గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టుంది.

“అలా వేరు చేసినా ఇవ్వడానికి వీల్లేదండీ. రెండో మినహాయింపు ఉంది. అసలు సంగతి చెప్పింది ఒక్కరే. పేరు బయటికి రాకుండా చూస్తామని మేం మాటిస్తేనే చెప్పారు. ఆ నమ్మకాన్ని కాపాడటం మా విధి. దరఖాస్తుదారుకు తన బాధే లోకం. ఎదుటివాళ్ళ బతుకులు ఏమైపోయినా ఆవిడకి పట్టదు.”

దరఖాస్తుదారు! పొద్దున పక్క పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. గువ్వ తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“మేడం,” అంది తనూ, ఆ పదాన్ని పళ్ళ మధ్య నలుపుతూ, “మీరు కాపాడే ఆ బతుకు పొద్దున లేచి మాట్లాడుతోందా? నవ్వుతోందా? నా పాప బతుకు మాట్లాడటం లేదు. ఆ పిల్ల మీ ఒళ్ళో పెరిగింది. తనకి ముందుగా వచ్చిన మాట ‘అత్త’. అమ్మ కంటే ముందు ‘అత్త’ అంది. ఆ మాటైనా మీకు మళ్ళీ వినాలని లేదా?”

వదిన మొహంలో ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది. “ఇది ఇల్లు కాదు” అంది మెల్లగా, పళ్ళ బిగువున.

వకీలుకు ఈ ఏడుపులూ పెడబొబ్బలూ విసుగెత్తించినట్టున్నాయి. కవరు మీద టపీమని కొట్టాడు. “అయ్యా, ఆ గొళ్ళెం సంగతి నోరు విప్పి చెప్పింది ఆ మనిషొక్కడే. అతని పేరు బయటపెడితే రేపట్నుంచి వాడికి ఎవడూ పని—”

వదిన మోచెయ్యి ఆయన డొక్కలో తగిలింది. మాట ఆగింది. ఆగేసరికే ఆలస్యమైపోయింది.

“ఏ గొళ్ళెం?” అంది గువ్వ తల్లి.

వకీలు కవరును తన దగ్గరికి లాక్కున్నాడు.

“ఏ గొళ్ళెం సార్? నిద్రలో ఉలిక్కిపడిందన్నారు. నిద్రకి గొళ్ళెం ఎందుకు? నా పాపని ఎక్కడో పెట్టి తలుపేశారా?” లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. “చీకట్లోనా? ఎంతసేపు? ఏడ్చిందా? ఎవరికీ వినబడలేదా?”

“కూర్చోమ్మా” అన్నాడు మిరియం సారు. ఆయన గొంతులో ఘాటు తగ్గింది. బంట్రోతు వచ్చి కుర్చీ లేపి నిలబెట్టాడు. ఆమె కూర్చోలేదు.

మిరియం సారు వదిన వైపు తిరిగాడు. “మూడో మనిషి అభ్యంతరం చెప్పారన్నారు. ఆ మనిషికి నోటీసు పంపిన రుజువేది? పోస్టులో పంపితే అందినట్టు సంతకంతో కార్డు తిరిగొస్తుంది. ఫైల్లో అది లేదు.”

“చేతికే ఇచ్చామండీ.”

“ఎవరిచేత పంపారు?”

“నేనే ఇచ్చాను.”

“మీరా? ఈ ఆఫీసులో ఇంత మంది బంట్రోతులుండగా సమాచార అధికారి స్వయంగా నోటీసు మోసుకెళ్ళారా? ఎక్కడిచ్చారు?”

వదిన గాజు పలక కిందున్న క్యాలెండరు బొమ్మలోకి చూస్తోంది. పొరబాటు ఎక్కడ దొర్లిందో ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. పోస్టులో వేస్తే ఆ నోటీసు, పాప కోసం పని మానేసి ఇంట్లోనే ఉంటున్న గువ్వ తల్లి చేతికే వస్తుంది. అందుకే డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. జాగ్రత్తపడ్డాననుకుంది.

“ఇంటి దగ్గర” అంది చివరికి.

“ఎవరింటి దగ్గర?”

“మా... మా ఇంట్లోనే.”

మిరియం సారు దరఖాస్తు తీశాడు. చిరునామా మీద వేలు పెట్టాడు. అభ్యంతరపత్రం తీశాడు. దాని మీదున్న చిరునామా చూశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “మీరంతా ఒకే ఇంట్లో ఉంటారా?” అన్నాడు, నమ్మలేనట్టు.

గువ్వ తల్లి మనసులోనే ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. మా ఇంట్లోనా? నేను కాదు. ఈవిడ కాదు. పాప కాదు. అంటే అత్తగారు! ఆ సాయంత్రం పాపని ఇంటికి తెచ్చింది ఆవిడే కదా. ఏదో చూసి ఉంటుంది. కూతురు నోరు నొక్కి ఉంటుంది. ఇన్నాళ్ళూ స్నానాల గదిలో పాటలు పాడుతూ, నా మొహంలోకి చూస్తూ ఎలా తిరిగింది ముసల్ది?

అప్పుడు వకీలు అన్న ముక్క మళ్ళీ చెవిలో పడ్డట్టయింది. వాడికి ఎవడూ పని. వాడికి!

గొళ్ళెం.

పనిముట్ల సంచి దించకుండా గది గదికీ తిరిగిన మొగుడు. చెమటలు కక్కుతూ మరలు తిప్పినవాడు. ఆఖరి గొళ్ళెం ఊడి కిందపడితే దాన్ని పెరట్లోకి విసిరికొట్టినవాడు. ఆ సాయంత్రం ఎవరూ గొళ్ళెం మాట చెప్పలేదు. నిద్రలో ఉలిక్కిపడిందనే చెప్పారు. ఇంతమంది తలలు బద్దలు కొట్టుకుంటే ఇవాళ, ఈ క్షణం బయటపడ్డ సంగతి. అతనికి ఆ సాయంత్రమే ఎలా తెలుసు?

ఆమె ఇప్పుడు కూర్చుంది.

“చూడమ్మా,” అన్నాడు మిరియం సారు, “చట్టం నాకు రెండు దారులిచ్చింది. ఈ కవరు నేనొక్కణ్ణే చదివి, ఏది ఇవ్వచ్చో ఏది కూడదో నెమ్మదిగా తేల్చి చెప్పచ్చు. లేదా ఆ మూడో మనిషినే ఇక్కడికి పిలిచి, ఆయన అభ్యంతరమేంటో నీ ఎదురుగా వినచ్చు. నువ్వు పట్టుబడితేనే పిలుస్తాను. పిలిచాక ఆయనెవరో నీకు తెలిసిపోతుంది. తెలిశాక తెలియనట్టు ఉండటం నీ వల్ల కాదు. ఆలోచించుకో.”

“వద్దండీ!” వదిన గంజి గొంతు ఒక్కసారిగా చిరిగింది. ఆఫీసు మరిచిపోయింది, వకీలును మరిచిపోయింది. బల్ల మీదుగా వంగి గువ్వ తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మాయ్, వద్దే. నీ కాళ్ళు పట్టుకుంటాను. వెనక్కి తీసుకో. నీ కాపురం కోసం చెబుతున్నాను.”

పెళ్ళయి ఆ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆవిడ తనను బతిమాలడం ఇదే మొదటిసారి. గువ్వ తల్లి ఆ చేతిని చూసింది. తన కూతుర్ని ఎత్తుకుని ఆడించిన చెయ్యి. తిరస్కరణ మీద సంతకం పెట్టిన చెయ్యి.

“నా కాపురం ఎక్కడుందో మీకు నా కంటే ముందే తెలుసన్నమాట” అంది. ఆ చెయ్యి విడిపించుకుంది. “పిలవండి సార్. దూరం కూడా వెళ్ళక్కర్లేదు. బయట బల్ల మీదే ఉన్నాడు.”

బంట్రోతు తలుపు తీశాడు. ఏమని పిలవాలో తెలియక ఓసారి వెనక్కి చూసి, “మూడో మనిషి ఎవరండీ? లోపలికి రావాలి” అని కేకేశాడు.

కొంతసేపు ఎవరూ రాలేదు. తర్వాత పనిముట్ల సంచిలో ఇనుము చప్పుడైంది. గువ్వ తండ్రి వచ్చాడు. పాప భుజం మీద నిద్రపోతోంది. అతను పెళ్ళాం వైపు చూడలేకపోయాడు.

“ఆ పిల్లల గదిలో సామాన్ల కొట్టుకి తలుపు బిగించింది నేనే సార్” అన్నాడు అడగకముందే. “గొళ్ళెం బయటి పక్క పెట్టమన్నారు, పెట్టాను. బిగువుగా కూర్చోలేదు. తలుపు గట్టిగా వేస్తే దానంతటదే జారి పడిపోతుంది. సరిచేద్దాంలే అనుకుని ఊరుకున్నాను. ఆ రోజు పాప అందులో ఉండిపోయిందని అక్క చెప్పింది. నా వల్లే, నా చేత్తోనే...” పాప వీపు నిమిరాడు. “నీ పేరు బయటపడితే నీకు పనులుండవు, నీ పెళ్ళాం నిన్ను గడప తొక్కనివ్వదు అంది. సంతకం పెట్టమంది. పెట్టాను.”

“గొళ్ళెం జారిపడింది సరే,” అన్నాడు మిరియం సారు. “అసలు పాపని కొట్లోకి తీసుకెళ్ళిందెవరు? తలుపు గట్టిగా వేసిందెవరు?”

“నాకు తెలీదు సార్. అక్క కనుక్కుంటానంది.”

గదిలో మాటలు పెరిగినందుకేమో, గువ్వ కదిలింది. తండ్రి భుజం మీదనుంచి తల ఎత్తింది. నిద్రకళ్ళతో బల్లను చూసింది, వకీలును చూసింది, తల్లిని చూసింది. గువ్వ తల్లి లేచి చేతులు చాపింది. పాప రాలేదు. దాని చూపు వకీలు పక్క కుర్చీ దగ్గర ఆగిపోయింది.

వదిన తల దించుకుని కూర్చుంది.

గువ్వ చిన్న చెయ్యి పైకెత్తింది. చూపుడు వేలు తన పెదాల మీద నిలువుగా పెట్టుకుంది. అత్తనే చూస్తూ, చెప్పనులే అన్నట్టుగా, బుద్ధిగా తలూపింది.

పాప గొంతు ఎక్కడికీ పోలేదని ఆ గదిలో అందరికంటే ముందు తెలిసింది తల్లికే. ఎవరో చెప్పొద్దన్నారు. ఆ పిల్ల చెప్పడం లేదు.